రెండు కార్లు పట్టే మలుపు

రిషిత కెనడా వచ్చిన మొదటి వేసవిలో ఆమెకు కార్సన్ స్పీడ్‌వే క్యాంటీన్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ వేయించే పని దొరికింది. ఒషావాకు ఉత్తరంగా నలభై నిమిషాల దూరంలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న రేస్ ట్రాక్ అది. కోడిగుడ్డు ఆకారంలో తారు రోడ్డు, దాని చుట్టూ సిమెంటు గోడ, ఒక పక్క చెక్క మెట్ల గ్యాలరీ. ప్రతి శనివారం అక్కడ స్టాక్ కార్ల పందేలు జరిగేవి. పైకి చూస్తే అవి రోడ్డు మీద తిరిగే మామూలు కార్లలాగే ఉండేవి. లోపల సీట్లు, అద్దాలు పీకేసి ఇనప గొట్టాలతో పంజరం కట్టేవారు. వారమంతా వెల్డింగ్ చేసుకునేవాళ్లు, పాడి నడుపుకునేవాళ్లు, స్కూలు బస్సు తోలుకునేవాళ్లు శనివారం మధ్యాహ్నం హెల్మెట్ పెట్టుకుని వాటిలో దూరేవారు.

రిషితది సూర్యాపేట. హైదరాబాద్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివి, రెండు వేల ఇరవై రెండు జనవరిలో ఒషావాలోని ఒక కాలేజీలో కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ కోర్సులో చేరింది. విమానాల నిండా విద్యార్థులు దిగుతున్న రోజులవి. ఆమె క్లాసులో అరవై మంది ఉంటే పదకొండు మంది తెలుగువాళ్లే. అందరూ పార్ట్‌టైమ్ కోసం కాఫీ షాపుల చుట్టూ, గోదాముల చుట్టూ తిరుగుతుంటే, ఆమె లైబ్రరీ బోర్డు మీద అంటించిన చేతిరాత కాగితం చూసి స్పీడ్‌వేకి ఫోన్ చేసింది. యజమానురాలు డోరీన్ కార్సన్ అడిగిన ప్రశ్న ఒక్కటే.

"చప్పుడంటే భయమా?"

"మా ఇల్లు విజయవాడ హైవే పక్కనే మేడమ్," అంది రిషిత.

డోరీన్‌కి విజయవాడ ఎక్కడుందో తెలియదు. అయినా హైవే అన్న మాట అర్థమైంది. శనివారం ఉదయం ఒషావా బస్ స్టేషన్ దగ్గరికి వ్యాన్ పంపిస్తానంది.

ఆ కోడిగుడ్డుకు రెండు కొసలు, ఒక్కో కొసను రెండు మలుపులుగా లెక్కపెట్టేవారు. క్యాంటీన్ కిటికీ సరిగ్గా మూడో మలుపుకు ఎదురుగా ఉండేది. మే నుంచి ఆగస్టు దాకా రిషిత ఆ కిటికీలోంచి దాదాపు వంద పందేలు చూసింది. మొదట్లో చప్పుడు తప్ప ఏమీ అర్థం కాలేదు. తర్వాత తర్వాత ఒక సంగతి ఆమెను తొలచడం మొదలుపెట్టింది. పచ్చజెండా ఊపగానే ఇరవై కార్లు గుంపుగా దూసుకొస్తాయి. మూడో చుట్టు తిరిగేసరికి అన్నీ లోపలి అంచు పట్టుకుని, రైలు పెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి వరస కట్టేస్తాయి. ఇక ఆఖరి దాకా ఆ వరస మారదు. ముందున్నవాడు గెలుస్తాడు.

ఆగస్టులో ఒకరోజు మూడో మలుపులో తారు పెచ్చులూడి, రెండు పందేలు ఆపాల్సి వచ్చింది. డోరీన్ క్యాంటీన్‌కి వచ్చి, కౌంటర్ మీద మోచేతులు ఆనించి, వచ్చే ఏడాది మొత్తం పీకి కొత్త తారు పోయిస్తానంది. ఆమెకు అరవై రెండేళ్లు. వాళ్ల నాన్న పంతొమ్మిది వందల అరవై ఒకటిలో సొంత ట్రాక్టర్‌తో మట్టి లాగి ఆ ట్రాక్ వేశాడు.

"ఉన్నది ఉన్నట్టే పోస్తారా?" అని అడిగింది రిషిత.

"ఇంకెలా పోస్తారు?"

రిషిత ఫ్రైస్ బుట్ట పక్కన పెట్టింది. "మేడమ్, పందెం మొదలైన మూడో చుట్టుకే జనం లేచి నా దగ్గర క్యూ కడుతున్నారు. పందెం బాగుంటే మధ్యలో ఎవరు లేస్తారు? మీ ట్రాక్‌లో ఒకటే దారి ఉంది. వెనకున్నవాడికి ముందుకు పోవడానికి చోటు లేదు."

డోరీన్ ఆమెను కొత్తగా చూస్తున్నట్టు చూసింది. "నువ్వు చదువుతున్నది ఏమిటన్నావు?"

రిషిత చెప్పింది. అక్టోబరు ఆఖరు లోపల కాగితం మీద గీసి చూపిస్తే చూస్తాననీ, నచ్చకపోతే నాన్న వేసినట్టే వేస్తాననీ చెప్పి, డోరీన్ రెండు ఫ్రైస్ ముక్కలు నోట్లో వేసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం రిషిత ఇంటికి వచ్చి బేస్‌మెంట్‌లోకి దిగకుండా నేరుగా పై తలుపు కొట్టింది. ఆమె అద్దెకు ఉంటున్న ఇల్లు కోదండరామ్ గారిది. అమలాపురం నుంచి డెబ్బైల చివర్లో వచ్చి, ముప్పై రెండేళ్లు హైవేల ఇంజనీరుగా పని చేసి రిటైరైన మనిషి. ఆయన భార్య భ్రమరాంబ గారు హాస్పిటల్ ల్యాబ్‌లో పని చేసి రిటైరయ్యారు. పిల్లలిద్దరూ వేరే ఊళ్లలో ఉంటారు. కోదండరామ్ గారికి ఆమధ్యనే మోకాలి ఆపరేషన్ అయింది. కదలడానికి లేక, టీవీ చూడటానికి మనసొప్పక చిరాగ్గా ఉన్నారు.

"అంకుల్, మీరు హైవే మలుపులు డిజైన్ చేసిన్రు కదా. కార్ల పందెం ట్రాక్‌కి మలుపు ఎట్ల గీయాలి?"

ఆయన కళ్లజోడు పైకి నెట్టుకున్నారు. "చూడమ్మా, కార్లు ఒకదానికొకటి తగలకుండా, ఎవడూ ఎవణ్ణీ దాటాలనుకోకుండా రోడ్లు వేయడం నా ఉద్యోగం. నువ్వు సరిగ్గా దానికి తిరగేసి అడుగుతున్నావు."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్న."

లోపలి నుంచి భ్రమరాంబ గారు నవ్వడం వినిపించింది. "కూర్చోపెట్టండి ఆ పిల్లని. మీకూ కాస్త పొద్దు పోతుంది," అన్నారావిడ.

ఆయన డైనింగ్ టేబుల్ మీద ట్రేసింగ్ కాగితం పరిచారు. మలుపు తిరిగే కారు బయటికి జారిపోవాలని చూస్తుంది, రోడ్డు బయటి అంచును ఎత్తి వాలుగా వేస్తే ఆ వాలు కారును పట్టుకుంటుంది, ఎంత వాలుంటే అంత వేగంగా తిరగొచ్చు. ఇది రిషిత చదువుకున్నదే. కార్సన్ ట్రాక్‌కి ఎనిమిది డిగ్రీల వాలుంది. దాన్ని ఇరవై రెండుకు పెంచితే కార్లు బాణాల్లా పోతాయని ఆమె వాదించింది. ఆయన లెక్క వేసి, లెక్క కుదురుతుందన్నారు. నెల రోజులు గీశారు. భ్రమరాంబ గారు టేబుల్ దొరక్క వంటింటి గట్టు మీద భోజనాలు పెట్టారు.

సెప్టెంబరు చివర్లో ఆ ఏటి ఆఖరి పందెం అయ్యాక, డోరీన్ డ్రైవర్లందరినీ క్యాంటీన్ ముందు పోగు చేసింది. రిషిత బొమ్మను గోడకు అంటించి వివరించింది. ముందు రాత్రి అద్దం ముందు ప్రాక్టీస్ చేసి వచ్చింది కాబట్టి ఎక్కడా తడబడలేదు. అంతా విన్నాక వెనకాల టైరు మీద కూర్చున్న గ్రెగ్ లేచాడు. వెల్డింగ్ పని చేస్తాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ ట్రాక్‌లో కారు నడుపుతున్నాడు.

"బొమ్మ చాలా బాగుంది. ఒక్క ప్రశ్న. ఇంత వాలుంటే మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీయక్కర్లేదు కదా?"

"అవును, ఫుల్ స్పీడ్‌లోనే తిరగొచ్చు," అంది రిషిత గర్వంగా.

"నేనూ తీయను, వాడూ తీయడు, వీడూ తీయడు. అందరం తొక్కిపెట్టే ఉంచుతాం. మరి ఎవరు ఎవర్ని ఎక్కడ దాటాలి? ఇప్పుడు మెల్లగా వరసలో పోతున్నాం. అప్పుడు వేగంగా వరసలో పోతాం."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే రిషితకు అంత బాధ ఉండేది కాదు. గ్రెగ్ చెప్పింది సరిగ్గా ఉందని ఆమెకు వెంటనే తెలిసిపోయింది. ఇంటికొచ్చి కోదండరామ్ గారికి సంగతి చెప్పి, "వదిలేద్దాం అంకుల్. నాకు అసైన్‌మెంట్లు కూడా ఉన్నయి," అంది.

ఆయన బొమ్మను తన వైపుకు తిప్పుకున్నారు. "తప్పు మన లెక్కలో లేదమ్మా. అసలు మనిద్దరం ఆ కారెక్కలేదు. నేను వేసిన ప్రతి రోడ్డు మీదా ముందు నేనే నడిపేవాణ్ణి. ఇక్కడ మాత్రం టేబుల్ దగ్గర కూర్చుని గీసేశాం. మీ డోరీన్‌ని అడుగు, మనల్ని ఎక్కనిస్తుందేమో."

కొత్తవాళ్లకు నేర్పడానికి స్పీడ్‌వేలో రెండు సీట్ల కారొకటి ఉంది. అక్టోబరు రెండో ఆదివారం, ఎండ కాస్తున్న పొద్దున, గ్రెగ్ దాన్ని బయటికి తీశాడు. కోదండరామ్ గారు భార్యతో సహా సొంత కారులో రిషితను తీసుకొచ్చారు. స్టాక్ కారుకు తలుపులు తెరుచుకోవు, వెల్డింగ్ చేసేసి ఉంటాయి. కిటికీలోంచి కాళ్లు ముందు పెట్టి లోపలికి జారాలి. ఆయన మోకాలు చూసి గ్రెగ్ తల అడ్డంగా ఊపాడు.

రిషిత ఎక్కింది. ఆరు చుట్లు తిరిగి దిగింది. దిగాక గోడ పట్టుకుని నిలబడింది.

"ఏం గమనించావమ్మా?" అని అడిగారు కోదండరామ్ గారు.

"నేను కళ్లు తెరిచి ఉన్ననో లేదో కూడా నాకు గుర్తు లేదు అంకుల్."

గ్రెగ్ ఇంజన్ ఆపబోయాడు. అంతదాకా మడత కుర్చీలో కూర్చుని స్వెటర్ అల్లుకుంటున్న భ్రమరాంబ గారు అల్లిక సంచిలో పెట్టి లేచారు. "నేను ఎక్కుతాను," అన్నారు.

"నువ్వా?"

"నలభై నాలుగేళ్లుగా మీ పక్క సీట్లో కూర్చుని మీ డ్రైవింగ్ చూస్తున్నాను. పక్క సీట్లో కూర్చోవడం నాకు రాదా?"

అరవై ఎనిమిదేళ్ల ఆవిడ, చుడీదార్ మీద ఎవరిదో మంటలు అంటుకోని కోటు తొడుక్కుని, ఒక కాలు తర్వాత ఒక కాలు కిటికీలో పెట్టి, గ్రెగ్ చెయ్యి అందుకుని లోపలికి జారారు. కారు కదిలింది. కోదండరామ్ గారు ఊతకర్ర రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయారు. నాలుగు చుట్లయ్యాక కారు లోపలి అంచు వదిలి పైకి, గోడ వైపుకు జరిగింది. వెనక చక్రాలు ఒకసారి పక్కకు జారాయి. గ్రెగ్ సర్దుకుని మళ్లీ లోపలికి తెచ్చాడు. మళ్లీ పైకి వెళ్లింది, మళ్లీ జారింది. పదో చుట్టుకు ఆగింది.

"రెండుసార్లు పైకి పొమ్మని నేనే చెప్పాను," అన్నారు భ్రమరాంబ గారు హెల్మెట్ తీస్తూ. జుట్టు చెదిరింది గానీ గొంతు మామూలుగానే ఉంది. "లోపల తిరిగేటప్పుడు కారు నన్ను ఇలా సీటులోకి నొక్కి పట్టుకుంది. పైకి వెళ్లగానే ఆ పట్టు పోయింది. పీట మీంచి జారుతున్నట్టు ఉంది. గ్రెగ్ అక్కడికి పోకపోవడం పిరికితనం కాదు, అక్కడ కారు నిలబడట్లేదు. పైన కూడా ఆ పట్టు ఉంటే ఎందుకు పోడు?"

కోదండరామ్ గారు తమ కారు డిక్కీలోంచి నాలుగడుగుల లెవెల్ బద్ద తీయించారు. రిషిత దాన్ని మూడో మలుపులో అడ్డంగా పెట్టి, లోపలి అంచు నుంచి గోడ దాకా గజం గజానికీ వాలు కొలిచింది. లోపల ఎనిమిది డిగ్రీలుంది. మధ్యలో ఏడు. గోడ పక్కన మూడే. అరవై ఏళ్లుగా పెచ్చులూడిన చోటల్లా తారు మీద తారు పోసి పోసి, పై భాగాన్ని బల్లపరుపు చేసేశారు.

"ఇది సరిచేస్తే చాలదు," అంది రిషిత. ఆమె గొంతులోకి ప్రాణం వచ్చింది. "లోపలి దారి దగ్గర, పై దారి దూరం. రెండూ ఒకే వాలు ఉంటే మళ్లీ అందరూ లోపలికే పోతరు. పై దారికి ఇంకా ఎక్కువ వాలు ఇయ్యాలి. దూరం పోయేటోడికి వేగం ఇయ్యాలి. అప్పుడు రెండు కార్లూ మలుపులోంచి ఒకేసారి బయటికి వస్తయి."

"ఎంతివ్వాలో లెక్క నేను చూస్తాను," అన్నారు కోదండరామ్ గారు. ఆయన అప్పటికే జేబులోంచి పెన్ను తీశారు.

కొత్త బొమ్మలో ఒక్క మలుపులోనే మూడు రకాల వాలు ఉంది. లోపల తొమ్మిది డిగ్రీలు, మధ్యలో పదకొండు, గోడ పక్కన పదమూడు. ఎక్కడా మెట్టు లేకుండా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఇంకో మార్పు రిషిత ఒక్కతే చేసింది. కార్లను మోసుకొచ్చే లారీలు ట్రాక్ మధ్య మైదానంలో ఆగడం వల్ల, గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు అవతలి పక్క పందెం కనిపించేది కాదు. ఫ్రైస్ కోసం వచ్చిన వాళ్లందరూ, "అక్కడేం జరిగింది?" అని ఆమెనే అడిగేవారు. ఆమె లారీలను గోడ బయటికి పంపించింది.

అక్టోబరు ఇరవై తొమ్మిదిన డోరీన్ ఆ బొమ్మను తన వంటగది బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నాన్న వేసిన ఆకారం మారుతుందా?"

"మారదు మేడమ్. పైనుంచి చూస్తే అదే కోడిగుడ్డు."

"గ్రెగ్ ఏమన్నాడు?"

"రెండు కొసలకీ ఒకే వాలు పెట్టొద్దన్నాడు. ఒకటి సులువుగా, ఒకటి కష్టంగా ఉండాలట. అవతలి కొసకు ఒక డిగ్రీ తగ్గించాం."

"వాడు నా ముందు ఏనాడూ ఒక్క సలహా ఇవ్వలేదు," అంది డోరీన్.

"మీరు అడగలేదేమో."

డోరీన్ నవ్వి, తారు పోసే కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసింది. రిషితకు ఇంజనీరు లైసెన్స్ లేదు, కోదండరామ్ గారు తనది రిటైరైనప్పుడే వదిలేశారు. అందుకని కాంట్రాక్టర్ దగ్గరి ఇంజనీరు చలికాలమంతా ఆ లెక్కలు సరిచూసి, వాన నీళ్లు పోయే కాలువ ఒకటి మార్చి సంతకం పెట్టాడు. కోర్సులో భాగంగా చేయాల్సిన కో-ఆప్ ఉద్యోగం రిషితకు అదే కాంట్రాక్టర్ ఇచ్చాడు. ఏప్రిల్‌లో మంచు కరిగాక ఆమె ఫ్రైస్ బుట్ట వదిలి, పసుపు హెల్మెట్ పెట్టుకుని అదే గేట్లోంచి లోపలికి వెళ్లింది.

పని అనుకున్నంత సాఫీగా సాగలేదు. గోడ పక్కన మట్టి ఎత్తు చేస్తుంటే మే నెలలో తొమ్మిది రోజులు వాన. తారు పరిచే రోజున రోలర్ నడిపే ఆయన ఆ పదమూడు డిగ్రీల వాలు చూసి, ఇక్కడ బండి పక్కకు జారుతుందని దిగిపోయాడు. పైన గోడ అవతల ట్రాక్టర్ నిలబెట్టి, రోలర్‌ను ఇనప తాడుతో దానికి కట్టి, రెండూ కలిసి నడిచేలా చేస్తే గానీ ఒప్పుకోలేదు. ఆ ట్రాక్టర్ నడిపింది డోరీన్. రిషిత మధ్యలో నిలబడి ఇద్దరికీ చేతులు ఊపుతూ సైగలు చేసింది. రాత్రి సూర్యాపేటకు వీడియో కాల్ చేస్తే, వాళ్లమ్మ ఆమె ముఖం చూసి ఎండకు కమిలిపోయిందని బాధపడింది. "కెనడాల ఎండ కూడా ఉంటదా?" అని అడిగింది.

జులై ఒకటో తారీకు శనివారం, కెనడా డే నాడు, కొత్త ట్రాక్ మీద మొదటి పందెం. గ్యాలరీ నిండి, జనం గడ్డి మీద కుర్చీలు వేసుకున్నారు. కోదండరామ్ గారు ఊతకర్ర లేకుండా మెట్లెక్కారు. రిషిత క్లాసులోని తెలుగు పిల్లలు ఏడుగురు రెండు కార్లలో వచ్చారు. వాళ్లలో రేవంత్ అనే అబ్బాయి, "మనోళ్లు ఎవరన్నా నడుపుతున్నరా?" అని అడిగాడు.

"నడుపుతలేరు. రోడ్డు మనది," అంది రిషిత.

నలభై చుట్ల పందెం. పచ్చజెండా ఊపారు. ఇరవై రెండు కార్లు గుంపుగా వచ్చి, రెండో చుట్టులో లోపలి అంచు పట్టుకుని, మూడో చుట్టుకు వరస కట్టేశాయి. రైలు పెట్టెల్లాగా.

ఐదో చుట్టు, ఎనిమిదో చుట్టు. పై దారి నల్లగా, నున్నగా, ఒక్క టైరు గుర్తు లేకుండా ఖాళీగా పడి ఉంది. పదకొండో చుట్టుకు గ్యాలరీలోంచి ఇద్దరు లేచి క్యాంటీన్ వైపు నడిచారు. ఆమె తల దించుకుంది.

"అలవాటమ్మా," అన్నారు కోదండరామ్ గారు పక్కనుంచి. "హైవే ఎక్కే కొత్త ర్యాంప్ తెరిచిన వారం రోజుల దాకా జనం పాత దారిలోనే పోయేవాళ్లు. ఎవడో ఒకడు ముందు పోవాలి."

పధ్నాలుగో చుట్టులో, తొమ్మిదో స్థానంలో ఉన్న గ్రెగ్ ఎర్ర కారు మూడో మలుపు ముందు వరసలోంచి బయటికి వచ్చి గోడ వైపుకు ఎక్కింది. జారలేదు. మలుపంతా పక్క కారుతో సమానంగా తిరిగి, బయటికి వచ్చేసరికి మూరెడు ముందుంది. తర్వాతి మలుపులో ఇంకొకణ్ణి దాటాడు. అది చూసి వెనకాల రెండు కార్లు పైకెక్కాయి. ఇరవయ్యో చుట్టుకు అక్కడ ఒక వరస కాదు, రెండు వరసలున్నాయి. క్యాంటీన్ వైపు వెళ్లిన ఇద్దరూ సగం దారిలో వెనక్కి తిరిగి అక్కడే నిలబడిపోయారు.

ఆఖరి పదకొండు చుట్లు గ్రెగ్, నీలం కారు నడిపే స్కూల్ బస్సు డ్రైవర్ షీలా పక్కపక్కనే తిరిగారు. ఈ మలుపులో ఆయన ముందు, ఆ మలుపులో ఆమె ముందు. గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది. భ్రమరాంబ గారు ముందు వరస రెయిలింగ్ పట్టుకుని, "పైకి పో, పైకి పో," అని తెలుగులోనే చెప్తున్నారు. ముగింపు గీతను షీలా కారు చక్రమంత తేడాతో ముందుగా దాటింది.

రిషిత ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. కోదండరామ్ గారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు.

"ముప్పై రెండేళ్లు రోడ్లు వేశానమ్మా. రోజూ లక్షల మంది వాటి మీద పోతారు. ఒక్కడూ లేచి నిలబడలేదు."

పందెం అయ్యాక డ్రైవర్లందరూ కార్ల దగ్గర గుమిగూడారు. ఓడిపోయిన గ్రెగ్ ముఖం గెలిచిన షీలా ముఖం కంటే వెలిగిపోతోంది. వచ్చే వారం షీలాని లోపలి దారిలో ఇరికిస్తానని ఆమె ముందే చెప్తున్నాడు. డోరీన్ రిషితను పిలిచి వాళ్ల మధ్య నిలబెట్టింది. కాంట్రాక్టర్ అందరి ముందూ, చదువు అయ్యాక వర్క్ పర్మిట్ రాగానే తన దగ్గరికే రావాలని రిషితతో అన్నాడు. ఆమె వస్తానని తల ఊపింది.

"ఇంతకీ ఎలా ఉంది ట్రాక్?" అని అడిగింది చివరికి గ్రెగ్‌ని.

"బ్రహ్మాండంగా ఉంది. నాలుగో మలుపు దాటగానే, పై దారిలో చిన్న గతుకు ఉంది. సీటులో తెలుస్తోంది."

"అలాంటిదేం లేదు," అన్నాడు కాంట్రాక్టర్ ఇంజనీరు. "మెషీన్‌తో చూశాం."

మర్నాడు ఆదివారం పొద్దున రిషిత ఒక్కతే వచ్చింది. చేల మీద ఇంకా తెల్లవారుజాము మంచు తడి ఉంది. నాలుగో మలుపు దాటాక మోకాళ్ల మీద కూర్చుని, లెవెల్ బద్దను తారు మీద ఆనించి, కింద వేళ్లు పెట్టి మెల్లగా జరిపింది. మూడోసారి జరిపినప్పుడు బద్ద కింద సన్నటి సందు కనిపించింది. పావు అంగుళం కూడా ఉండదు. ఆమె దాని చుట్టూ సుద్దతో గుండ్రంగా గీసి, గ్రెగ్‌కి ఫొటో పంపించింది.